మూడో నీళ్లు

ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఊరికే అయిందని సావిత్రి సంబరపడింది గానీ, బస్సు దిగాక తల దాచుకునే చోటు ఎవరూ ఊరికే ఇవ్వరన్న సంగతి హన్మకొండ బస్టాండులో దిగిన గంటకే తెలిసివచ్చింది. ఏటూరునాగారం అవతలి ఊరినుంచి నాలుగైదు గంటల ప్రయాణం. చేతుల్లో రెండు సంచులు, వెనక ముఖానికి చున్నీ చుట్టుకున్న కూతురు శ్రావణి. మొదటి హోటల్లో అద్దాల తలుపు వెనక కూర్చున్న పిల్ల పద్దెనిమిది వందలంది. ఏసీ వద్దంటే పదిహేను వందలంది. రెండోచోటా పన్నెండు వందలకు తగ్గలేదు. మూడోది చవకే, కానీ తలుపు తీయగానే కొట్టిన కంపుకు శ్రావణి మెట్ల మీదే ఆగిపోయింది. ఆ మంచం మీది దుప్పటి అసలు రంగేమిటో తెలియాలంటే ఉతికి చూడాల్సిందే. నాలుగోచోట గది బాగుంది, ధర కుదిరింది, ఆయన రిజిస్టరు కూడా తెరిచాడు. అంతలో ఉక్క భరించలేక పిల్ల చున్నీ కిందికి దించింది. నుదుటి మీదా చెంపల మీదా నల్లగా మాడిన పొక్కులు చూసి ఆయన తెరిచిన రిజిస్టరు మూసేశాడు.

"ఆటలమ్మనా? వద్దమ్మా, వేరేకాడ చూస్కోండ్రి."

"తగ్గిపాయె సార్. పొక్కులన్ని ఎండిపోయినయి. ఇగ ఎవ్వలికి అంటదు, ఫికర్ లేదని డాక్టరే చెప్పిండు."

"అయితే ఆ డాక్టరింట్లనే ఉండుండ్రి," అన్నాడాయన.

మొదటి పొక్కు కనబడ్డ రోజే హాస్టలు వార్డెను శ్రావణిని ఊరికి పంపేసింది, నెల దాటందే గడప తొక్కొద్దని. డిగ్రీ ఆఖరి ఏడాది ప్రాక్టికల్ పరీక్షలు మాత్రం ఎవరి పొక్కుల కోసమూ ఆగవు. సోమ, మంగళ, గురువారాలు. మాస్కు పెట్టుకుని నిండుచేతుల బట్టలతో వస్తే రాయిస్తామని కాలేజీ సారు మంచితనంగానే చెప్పాడు. పొద్దున్నే తొమ్మిదికల్లా ఉండాలి. ఊరినుంచి ఆ వేళకు చేర్చే బస్సు లేదు. నాలుగు రాత్రులకు ఒక గది దొరకాలి, అంతే. అది దొరక్కపోతే పిల్ల ఏడాది పోతుంది.

పొద్దు వాలుతుండగా ఆటో ఎక్కి వరంగల్ స్టేషన్ వైపు వచ్చారు. బజారు వెనక గల్లీలో ఉంది ఆ మూడంతస్తుల లాడ్జి. యజమాని సారంగపాణి వక్క నములుతూ కౌంటరు వెనక తనే కూర్చుంటాడు. రోజుకు ఆరు వందల యాభై అన్నాడు. ఆయన తల వెనక గోడకు బోర్డు వేలాడుతోంది: 'మద్యము సేవించరాదు. అంటువ్యాధులు గలవారికి గదులు ఇవ్వబడవు.' సావిత్రి ఆ రెండో వాక్యం చదివి, కూతురి చున్నీని ఇంకాస్త పైకి లాగింది.

"పిల్ల మొఖానికి గట్ల కట్టుకున్నదేందమ్మా?"

"దుమ్ము వడదు సార్. ఒకటే తుమ్ములు."

అబద్ధం అంత నున్నగా జారి వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

"మా దగ్గర రేటు తక్కువ, శుభ్రం ఎక్కువ. మీరే చూడుండ్రి," అని ఆయన లోపలికి కేకేశాడు. "మొగిలమ్మా, ఏడో నంబరు తియ్యి."

మొగిలమ్మకు యాభై దాటి ఉంటాయి. చీర కుచ్చిళ్లు ఎత్తి నడుములో దోపుకుంది. నీళ్లలో నాని నాని వేళ్ల కొసలు పాలిపోయి ఉన్నాయి. ఆ లాడ్జిలో ఊడ్చేదీ, తుడిచేదీ, దుప్పట్లు ఉతికి మిద్దె మీద ఆరేసేదీ ఆమె ఒక్కతే. గది తలుపు తీసి, కిటికీ రెక్క నెట్టి, పక్కకు నిలబడింది.

గది చిన్నదే గానీ అద్దంలా ఉంది. ఆ మాట ఒప్పుకుంటే సొమ్మేం పోతుంది? కానీ పొద్దుటినుంచి తిరిగిన నాలుగు చోట్ల మింగిన కోపమంతా సావిత్రి ఏడో నంబరు మీదే తీర్చుకుంది. దిండు ఎత్తి వాసన చూసింది. బాత్‌రూములోకి తొంగిచూసింది. దుప్పటిని రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకుని ఎత్తింది.

"ఇది మార్చు. ఎవలు పండుకొని లేచిన్రో ఏమో. మాకు శుభ్రం కావాలె."

"పొద్దుగాల్నే మార్చిన చెల్లె. ఎవ్వలు పండలె."

"అయినా మార్చు."

మొగిలమ్మ వెళ్లి మరో దుప్పటి తెచ్చింది. దాని మూల ఒకటి వెతికి బొటనవేలితో తడిమి, కాదనుకుని మళ్లీ వెళ్లి ఇంకొకటి తెచ్చింది. చిరుగులున్నాయేమో చూస్తోందనుకుంది సావిత్రి. మొగిలమ్మ రెండు చేతులా విసిరితే దుప్పటి ఒక్కసారిగా గాలి నింపుకుని మంచం మీద పరుచుకుంది. అరచేత్తో ముడతలు కొట్టి, మూలలు పరుపు కింద దోపి, నడుము పట్టుకుని లేచింది. దుప్పటి ఎండవాసన వేసింది. ఆ వాసనకు సావిత్రికి ఇంటికొచ్చినట్టయింది కానీ బాగుందని ఒక్క మాట అనలేదు.

ఆ ఆదివారం ఆమెకు ఇంకో పనుంది. ఒంటిమీదికి వచ్చిన ఆటలమ్మ తల్లిని సాగనంపాలంటే మూడు నీళ్లు పోయాలి. రెండు నీళ్లు ఇంటి దగ్గర పోసింది. మూడోది తప్పితే తల్లికి కోపమొస్తుందని అత్త మరీ మరీ చెప్పి, నూరిన పసుపూ వేపాకూ స్టీలు డబ్బాలో కట్టి ఇచ్చింది. డిగ్రీ చదివే శ్రావణి మొదట మొహం ముడుచుకుంది. "రేపు పరీక్షనే అమ్మా," అంది. "అందుకే," అంది సావిత్రి. బాత్‌రూములో పీట లేదు, ఉన్న రెండు బకెట్లలో ఒకటి బోర్లించి కూర్చోబెట్టి ఒంటినిండా ముద్ద రాసింది. తల మీంచి నీళ్లు పోస్తూ తల్లికి మొక్కుకుంది. నేలమీద పరుచుకున్న వేపాకు ఏరి కవర్లో కట్టేసింది. పిల్ల అలసిపోయి తుడిచీ తుడవని ఒంటితో మంచం ఎక్కి, పుస్తకం పొట్టమీదే పెట్టుకుని నిద్రపోయింది.

తెల్లవారి చూస్తే దుప్పటి మీద పిల్ల వీపంత పసుపు మరక.

ఆ మొగిలమ్మ వచ్చి చూస్తే పసుపేమిటంటుంది, పసుపేమిటంటే తల్లి సంగతి బయటపడుతుంది, సారంగపాణి సంచులు తీసుకెళ్లి గల్లీలో పెడతాడు. తొమ్మిదికి పరీక్ష. సావిత్రి గబగబా దుప్పటి లాగి బాత్‌రూములో వేసి సబ్బు పెట్టి రుద్దింది. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో తెలియనిది కాదు. పసుపులో సున్నం వేసి దిష్టికి తీసే ఎర్రనీళ్లు ఎన్ని కలపలేదు తను! కంగారులో చేతికి బుర్ర అందలేదు. మరక చూస్తూ చూస్తూ ఎర్రబడి, గాయం మీది గుడ్డలా తయారైంది. జాడిద్దామంటే బకెట్లో నీళ్లు నిండుకున్నాయి, మోటారు ఎనిమిదికి గానీ వెయ్యరు.

అప్పుడు మిద్దె గుర్తొచ్చింది. పసుపును ఏ సబ్బూ తీయదు, ఎండే తీయాలి. పిండిన దుప్పటి కొంగు చాటున పెట్టుకుని పిల్లిలా మెట్లెక్కింది. పైన తీగల మీద మొగిలమ్మ అప్పటికే ఒక వరస ఆరేసి కిందికి పోయినట్టుంది. వాటి నడుమ చోటు చేసి తనదీ ఆరేసింది. ఏప్రిల్ ఎండ, సాయంత్రానికి ఊడ్చేస్తుందిలే అనుకుంది. మంచం మీద ఇంటినుంచి తెచ్చుకున్న చద్దరు పరిచి, కూతురిని తీసుకుని కాలేజీకి బయల్దేరింది.

శ్రావణిని గేటు లోపలికి పంపి పదిన్నరకు లాడ్జికి తిరిగి వచ్చేసరికి మిద్దె మీద కేకలు వినబడుతున్నాయి.

సారంగపాణి దగ్గరికి పెళ్లివారెవరో వచ్చారు, ఎనిమిది గదులు మాట్లాడుకోవడానికి. తన లాడ్జి శుభ్రం వర్ణించి వర్ణించి తనివి తీరక, ఆయన వాళ్లను ఆరేసిన దుప్పట్లు చూపిస్తానని మిద్దెకు ఎక్కించాడు. తెల్లటి వరస నడుమ ఎర్రటి మరక ఎండకు ధగధగలాడుతోంది. పెళ్లివారి పెద్దాయన ముక్కు మీద తువ్వాలు పెట్టుకుని, "శుభమా అని లగ్గానికి వస్తే నెత్తురు దుప్పట్ల మీద పండుకోమంటవా?" అని దిగిపోయాడు. సావిత్రి మెట్ల మలుపులో గోడకు అతుక్కుని వాళ్లకు దారి ఇచ్చింది.

"ఇదేం ఉతుకుడే? కండ్లున్నయా లేవా?" సారంగపాణి గొంతు. "ఎనిమిది రూములు! మూడొద్దులు! అన్ని పాయె!"

సావిత్రి రెండు మెట్లెక్కి తొంగిచూసింది. మొగిలమ్మ దుప్పటిని తీగ మీంచి లాగి గుండెలకు అదుముకుని నిలబడి ఉంది. మరక బయటికే కనిపిస్తోంది గానీ దుప్పటి మూల ఒకటి ఆమె పిడికిట్లో ఉంది. వేళ్ల ఎముకలు తేలేటంత గట్టిగా పట్టుకుంది.

"నిన్నే అడుగుతాన! ఎవల రూముది ఇది?"

"ఏమో సేటు. కుప్పల కలిసి వచ్చింది."

"కలిసొస్తే చూస్కోవద్దా? గురువారంకల్లా కొత్తామెను పిలిపిస్త. అందాక చెయ్యి, అటెన్క రాకు."

మొగిలమ్మ ముఖం ఎత్తింది. మెట్ల వైపు చూసింది. సావిత్రి చటుక్కున తల వెనక్కి తీసుకుని, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కొంగు సర్దుకుంటూ గదిలోకి వచ్చి తలుపు వేసుకుంది. చెప్పాలి. నోరు తెరిచి రెండు మాటలంటే చాలు: అది నెత్తురు కాదు, పసుపు. ఎవరి పసుపు? ఎందుకొచ్చింది? ఆ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్తే ఈ పూటే గది పోతుంది. రేపు పరీక్ష. మళ్లీ హన్మకొండ, మళ్లీ అద్దాల తలుపులు, మళ్లీ పిల్ల ముఖం చూసి మూతపడే రిజిస్టర్లు. గురువారం మధ్యాహ్నానికి పరీక్షలు అయిపోతాయి. అప్పుడు చెప్దాం. ఆమె పని పోయేది కూడా గురువారమే కదా! లెక్క సరిగ్గా సరిపోయినందుకు సావిత్రికి కొంచెం ఊపిరాడింది. తప్పు చేసినవాళ్లకు ఇలాంటి లెక్కలు భలే కుదురుతాయి.

సాయంత్రం శ్రావణి వచ్చి మంచం మీది చద్దరు చూసింది.

"దుప్పటేదమ్మా?"

"ఉతకనీకె ఇచ్చిన."

"కింద సేటు ఫోన్ల ఎవల్తోనో చెప్తాండు, నెత్తురు దుప్పటని, పనామెను తీసేస్తాన్నని. మనదేనా?"

"కాదు. నువ్వు సదువుకో."

ఒక్కోసారి సొంత బిడ్డ కళ్లలోకి చూడటం కూడా పెద్ద పనే. సావిత్రి కిటికీ రెక్కకు గొళ్లెం పెట్టే నెపంతో అటు తిరిగింది.

మంగళవారం పొద్దున మొగిలమ్మ గది ఊడ్వడానికి వచ్చింది. శ్రావణి అప్పటికే మాస్కు పెట్టుకుని సిద్ధంగా ఉంది. మొగిలమ్మ మంచం మీది చద్దరు వైపు ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా చంకలోంచి ఉతికిన దుప్పటి తీసి పరిచింది. బాత్‌రూములో నీళ్లు పోవడంలేదని గొణుక్కుంటూ కూర్చుని, తూములో వేలు పెట్టి ఏదో తీసింది. పిడికిట్లో మూసి బయటికి పోతుంటే సావిత్రి రెండడుగులు ముందుకు వేసింది.

"ఏంటిది అక్కా?"

"ఏముంటది? చెత్త."

అక్కా అని ఎప్పుడు పిలవడం మొదలుపెట్టిందో సావిత్రికే తెలియదు. ఆదివారంనాడు చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు దుప్పటి పట్టుకున్న మనిషి నోట ఈవేళ వరస కలిసింది!

బుధవారం పరీక్ష లేదు. పొద్దున్నే తలుపు తట్టి మొగిలమ్మ రెండు బకెట్ల నీళ్లు తెచ్చి పెట్టింది.

"ఇయ్యాల మోటారు కరాబైంది. నీళ్లు రావు. పిల్లకు పరీక్షలన్నవు గద, మంచిగ తానం చేసి సదువుకుంటది."

రెండంతస్తులు మోసుకొచ్చిన నీళ్లు. ఆమె జాకెట్టు వీపంతా తడిసిపోయింది. సావిత్రి ఏదో అనాలని నోరు తెరిచింది. తీరా బయటికి వచ్చిన మాట, "చాయ్ తాగుతవా అక్కా?"

"ఒద్దు. మిద్దె మీద దుప్పట్లున్నయి."

తలుపు దగ్గర మొగిలమ్మ ఒక్క క్షణం ఆగింది. వెళ్లడానికి తొందరేం లేనట్టు, గుమ్మానికి అంటిన ఏదో మట్టి గోటితో గీకుతూ నిలబడింది. ఇదే సమయమని సావిత్రికి తెలుసు. చెప్పేస్తే పోయేది. నాలుక మీదికి వచ్చిన మాటను, గురువారం ఇంకెంత దూరం, ఒక్క రాత్రే కదా అని మింగేసింది. మొగిలమ్మ గీకడం ఆపి, మెట్లెక్కి పోయింది. ఆ రోజంతా సావిత్రికి అన్నం సయించలేదు. తేలు కుట్టిన దొంగలా గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే, "నాకు లేని టెన్షన్ నీకెందుకమ్మా," అని కూతురు నవ్వింది.

గురువారం ఒంటిగంటకు శ్రావణి కాలేజీ గేటులోంచి మాస్కు తీసేసి వచ్చింది. మచ్చల ముఖం నిండా నవ్వు. "అయిపోయినయే! మంచిగ చేసిన!" అని తల్లిని కావలించుకుంది. సావిత్రికి కళ్లనీళ్లు తిరిగాయి. లాడ్జికి రాగానే కూతురిని గదిలో సంచులు సర్దమని పంపి, తను కౌంటరు దగ్గరే ఆగింది.

"సార్, సోమారంనాటి దుప్పటి మాది. అది నెత్తురు గాదు, పసుపు. సబ్బు తాకి ఎర్రగైంది. నేనే మిద్దె మీద ఆరేసిన. మొగిలమ్మది ఏం తప్పు లేదు."

సారంగపాణి వక్క నమలడం ఆపాడు. "పసుపెందుకొచ్చె?"

"పిల్లకు తల్లి పోసి తగ్గింది. మూడో నీళ్లు పోసిన."

ఆయన కుర్చీ ఒక జానెడు వెనక్కి జరిపాడు. తిడతాడని సావిత్రి ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది. ఆయన మాత్రం తల గోక్కుని, నిజంగానే బాధపడుతున్నవాడిలా అన్నాడు.

"ఏందమ్మా నువ్వు! పసుపని గప్పుడే ఒక్క మాట చెప్పరాదు? లగ్గపోళ్లు మెట్లు గూడ దిగకపోదురు. పసుపు కంటే శుభం ఉంటదా? నేనే నచ్చచెప్పి ఆపుకుంటుంటి. మొగిలమ్మను గూడ ఎందుకు తీసేద్దును? పదేండ్లసంది చేస్తాంది."

"ఇప్పుడన్న ఉంచుకోండ్రి సార్."

"కొత్తామె పొద్దుగాల్నే వచ్చె. ఊరినుంచి సామాను గూడ తెచ్చుకున్నది పాపం. ఆమెనెట్ల పొమ్మంట?" ఆయన ఆధార్ కార్డులు రెండూ తీసి బల్లమీద పెట్టాడు. "చేతులు గాలినంక ఆకులు వట్టుకున్నట్టున్నది నీ ముచ్చట."

మొదటి అంతస్తులో ఎవరో కొత్త మనిషి మెట్లు తుడుస్తోంది. బిత్తరచూపుల మనిషి. ఎక్కడ అడుగు వెయ్యాలో తెలియక సావిత్రి తడి లేని చివర వెతుక్కుంటూ ఎక్కింది. మొగిలమ్మ మిద్దె మీద ఉంది. ఆఖరి వరస దుప్పట్లు దించుతోంది. ఆమె చేతిసంచి, చెప్పులు ట్యాంకు నీడలో తయారుగా పెట్టి ఉన్నాయి.

"అక్కా, సేటుకు చెప్పిన. ఆ దుప్పటి మాదే. పసుపు..." సావిత్రి తీగ దగ్గరికి నడిచింది. "నాది తప్పయింది."

మొగిలమ్మ వెనక్కి తిరగలేదు. తీగ మీంచి ఒక దుప్పటి దించి, రెండు మూలలు తను పట్టుకుని, మిగతా రెండూ సావిత్రి వైపు చాచింది.

"వట్టు."

సావిత్రి పట్టుకుంది. తెల్లటి దుప్పటి ఇద్దరి నడుమా పరుచుకుంది. ఎక్కడా మచ్చ లేదు. పట్టుకున్న మూలలో బొటనవేలికి ఏదో గరుకుగా తగిలింది. చూస్తే నీలం దారంతో వరసగా పొట్టి కుట్లు. లెక్కపెట్టింది. ఏడు.

"సదువు రాదు గద, గట్ల కుట్టుకున్న," అంది మొగిలమ్మ. "ఏ రూముదో నాకు తెల్వాలెగా. సేటుకు తెల్వది."

సోమవారంనాటి పిడికిలి సావిత్రి కళ్ల ముందు మెదిలింది. వేళ్ల ఎముకలు తేలేటంత గట్టిగా ఆమె మూసి పట్టుకున్నది ఈ ఏడు కుట్లనే.

"నీకు అప్పుడే తెలుసా?"

"తెల్వకేంది? నెత్తురు ఎండకు నల్లవడ్తది, పసుపు ఎండకు పోతది. ఇరవై దుప్పట్లు పిండుత రోజు. తూముల యాపాకు గూడ నేనే తీస్తి." ఆమె దుప్పటిని తనవైపు లాగి బిగించింది. "ఏడో నంబరంటే సేటు నీ పిల్లను అప్పుడే ఎల్లగొడ్తుండె. పరీక్షకు పోయిన పిల్ల, ఒచ్చి ఏడ పండాలె?"

"మరి నీ పని..."

"నువ్వు చెప్తవనుకున్న." మొగిలమ్మ గొంతులో కోపం లేదు. "పిల్ల ఆనాటి పరీక్ష కాంగనే నాకన్న చెప్తవనుకున్న. సోమారం చూసిన, మంగళారం చూసిన. నిన్న నీళ్లు తెచ్చి నీ తలుపుకాడ నిలవడ్డ. సేటుకు గాదు, నాకు. చెప్తె ఇద్దరం ఏమన్న ఉపాయం చేసుకుందుము."

సావిత్రి ఏడ్చేసింది. కన్నీళ్లు తుడుచుకుందామంటే రెండు చేతుల్లోనూ దుప్పటి మూలలున్నాయి. పట్టు సడలి నడుమన దుప్పటి కిందికి జారింది.

"గట్టిగ వట్టు చెల్లె," అంది మొగిలమ్మ, ఎప్పటి అలవాటు కొద్దీ. "ముడత వడితె మల్ల నన్నే అంటడు."